‘మాట్లాడేదాన్ని’ అనే ఒక్క మాటకు స్పానిష్‌లో ఎన్ని రూపాలు? ‘అబ్రీయా అబ్లాదో’ గురించి ఒక సందేహం

గోరింటాకు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రం వేళల్లో రెండేళ్ళుగా స్పానిష్ నేర్చుకుంటున్నాను. స్పానిష్ భాషా సామర్థ్యాన్ని కొలిచే డెలే పరీక్షలో బీ2 స్థాయి రాయాలని సిద్ధమవుతున్నాను. ఇంతవరకు చదువు బాగానే సాగింది కానీ, ‘మాట్లాడి ఉండేదాన్ని’ వంటి మాటలకు వాడే ‘కొన్దిసియొనాల్ కొంపువెస్తో’ అనే కాలం దగ్గర అడుగు ముందుకు పడడం లేదు. పట్టిక నాకు కంఠతా వచ్చు. ‘అబ్రీయా, అబ్రీయాస్, అబ్రీయా, అబ్రీయామోస్, అబ్రీయాయిస్, అబ్రీయాన్’ అని నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అయినా తెలుగులో ఒక వాక్యం అనుకొని దాన్ని స్పానిష్‌లో రాయబోతే ఎక్కడో ఒకచోట తప్పుతూనే ఉంది.

మా ఉపాధ్యాయురాలు నిన్న దిద్ది ఇచ్చిన కాగితంలో నాలుగు వాక్యాల కింద ఎర్రగీతలు ఉన్నాయి. ‘ముందే బయలుదేరి ఉంటే సమయానికి చేరుకొని ఉండేదాన్ని’ అనే వాక్యంలో, నేను స్త్రీని కాబట్టి ‘అబ్రీయా యెగాదా’ అని రాశాను. ‘నిన్న నువ్వు పిలిస్తే వచ్చేదాన్ని’ అనే వాక్యంలో ‘బెన్ద్రీయా’ అని రాశాను. ‘చిన్నప్పుడు రోజూ సాయంత్రం అమ్మమ్మతో మాట్లాడేదాన్ని’ అనే వాక్యానికి ‘అబ్లరీయా’ అని రాశాను. ‘చదివి ఉంటే ఉత్తీర్ణురాలినై ఉండేదాన్ని’ అనే నాలుగో వాక్యంలో, తెలుగులో రెండుచోట్లా ‘ఉండు’ ఉంది కదా అన్న ధైర్యంతో ‘సి అబ్రీయా ఎస్తుదియాదో, అబ్రీయా అప్రొబాదో’ అని రెండుచోట్లా ఒకే రూపాన్ని పెట్టాను. నాలుగూ తప్పేనట. సరైన రూపాలు ఆమె పక్కనే రాసి ఇచ్చారు గానీ, తరగతి ముగిసే వేళ కావడం వల్ల కారణం అడిగే వీలు దొరకలేదు.

మరొక చిన్న సందేహం కూడా ఉంది. ఒక స్నేహితురాలు ఇచ్చిన మెక్సికో పాఠ్యపుస్తకంలో ఇదే పట్టిక పైన ‘అన్తెపోస్ప్రెతేరితో’ అనే పేరు కనిపించింది. ఈ రెండూ ఒకటేనా, లేక నేను వేరే కాలాన్ని చదువుతున్నానా? తెలుగు తెలిసినవారు తెలుగులోనే వివరిస్తే నాకు గట్టిగా పట్టుబడుతుందని ఆశిస్తున్నాను.

తుంగభద్ర

గోరింటాకు గారూ, నమస్కారం. మీ నాలుగు తప్పుల్లో మొదటిది నిర్మాణానికి సంబంధించినది, తక్కిన మూడూ అర్థానికి సంబంధించినవి. నేను నిర్మాణం సంగతి మాత్రమే చెబుతాను.

ఈ కాలంలో రెండే ముక్కలు ఉంటాయి. ‘అబేర్’ అనే సహాయక క్రియ ముందు నిలబడి ఎవరు, ఎందరు అన్న భారమంతా మోస్తుంది. దాని వెనుక అసలు క్రియ భూతకాలిక విశేషణ రూపంలో, అంటే ‘పార్తిసీపియో’గా, ఏ మార్పూ లేకుండా నిలబడుతుంది. ‘అర్’తో ముగిసే క్రియలకు ఆ ముగింపు తీసివేసి ‘ఆదో’ చేర్చాలి, ‘ఎర్’తోనూ ‘ఇర్’తోనూ ముగిసే క్రియలకు ‘ఈదో’ చేర్చాలి. అలా ‘అబ్లార్’ నుండి ‘అబ్లాదో’, ‘కొమేర్’ నుండి ‘కొమీదో’, ‘బిబీర్’ నుండి ‘బిబీదో’ వస్తాయి. ‘నువ్వు తిని ఉండేదానివి’ అనడానికి ‘అబ్రీయాస్ కొమీదో’, ‘మేము అక్కడ నివసించి ఉండేవాళ్ళం’ అనడానికి ‘అబ్రీయామోస్ బిబీదో అయీ’. క్రియ ఏదైనా ముందు ముక్క ఆ ఆరు రూపాలను దాటదు. ఈ కాలంలో నాకు బాగా నచ్చిన సౌలభ్యం ఒకటి ఉంది. ‘తెనేర్’, ‘సలీర్’, ‘బెనీర్’ వంటి క్రియలు ‘అబేర్’ తోడు లేని మామూలు కొన్దిసియొనాల్‌లో ‘తెన్ద్రీయా’, ‘సల్ద్రీయా’, ‘బెన్ద్రీయా’ అని దారి తప్పుతాయి కానీ, ఇక్కడ ‘అబ్రీయా తెనీదో’, ‘అబ్రీయా సలీదో’, ‘అబ్రీయా బెనీదో’ అని బుద్ధిగా నియమానికి లోబడతాయి. అంటే మీరు కష్టపడి బట్టీపట్టిన ఆ వంకర రూపాల అవసరం ఇక్కడ లేదు.

ఇప్పుడు ‘యెగాదా’ సంగతి చూద్దాం. ఆ తప్పు తెలుగు నుండే వచ్చిందని నా నమ్మకం. మనం ‘వచ్చాను’, ‘వస్తాను’ అన్నప్పుడు మాట్లాడేది స్త్రీయో పురుషుడో క్రియలో కనిపించదు. ‘వచ్చి ఉండేదాన్ని’, ‘వచ్చి ఉండేవాణ్ణి’ అన్నప్పుడు మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. సరిగ్గా ఈ అర్థం దగ్గరే మన భాష లింగాన్ని పలికిస్తుంది కాబట్టి, స్పానిష్‌లోనూ అక్కడ ఏదో మార్చాలని మనసు తొందరపెడుతుంది. ‘అబేర్’ వెనుక వచ్చే పార్తిసీపియో ఎవరి కోసమూ మారదు. స్త్రీ అయినా, పురుషుడైనా, పదిమంది అయినా అది ‘ఓ’తోనే ముగియాలి. కాబట్టి మీరు రాయవలసింది ‘అబ్రీయా యెగాదో’. ‘ఉండు, అగు’ అనే అర్థమిచ్చే ‘సేర్’, ‘ఎస్తార్’ క్రియల వెనుక వచ్చినప్పుడు మాత్రం అదే పార్తిసీపియో విశేషణంలా ప్రవర్తించి లింగవచనాలను అనుసరిస్తుంది. తికమక పడడానికి అది మరో కారణం.

రాతలో రెండు జాగ్రత్తలు చెబుతాను. ఆరు రూపాల్లోనూ ‘రీ’ అని పలికే చోట అచ్చు మీద వాలుగీత తప్పనిసరి, మొదట రాసే హెచ్ అక్షరం పలకదు. రెండోది చెవికి సంబంధించినది. ‘అబీయా అబ్లాదో’ అంటే ‘అప్పటికే మాట్లాడాను’ అన్న జరిగిన సంగతి, ‘అబ్రీయా అబ్లాదో’ అంటే ‘మాట్లాడి ఉండేదాన్ని’ అన్న జరగని సంగతి. ఈ రెంటికీ నడుమ ఉన్నది ఒక్క రకారమే. వినికిడి పరీక్షలో స్పెయిన్ వాళ్ళ గొంతు వస్తే, మాటల వేగంలో ‘అబ్లాదో’లోని దకారం కరిగి ‘అబ్లావో’ అన్నట్టు వినిపిస్తుంది. కాబట్టి చెవిని వెనుక ముక్క మీద కాక ఆ రకారం మీదే నిలపండి.

సర్వనామాలూ ‘నో’ అనే వ్యతిరేక పదమూ రెండు ముక్కలకూ ముందే రావాలి: ‘నో మె అబ్రీయా లెబన్తాదో’, అంటే ‘నేను లేచి ఉండేదాన్ని కాదు’. తెలుగులో చివరన వచ్చే ‘కాదు’ అక్కడ మొదటికి వెళ్ళింది. పార్తిసీపియోకు సర్వనామాన్ని వెనుక అతికించడం కుదరదు.

పాలపిట్ట

తుంగభద్ర గారు నిర్మాణం చెప్పారు కాబట్టి నేను రెండో తప్పునూ మూడో తప్పునూ కలిపి చూపిస్తాను. నా ఉద్దేశంలో తెలుగువారికి ఈ కాలంలో అసలు చిక్కు పట్టికలో లేదు, మన ‘ఏవాణ్ణి, ఏదాన్ని’ రూపంలో ఉంది. నేను కూడా ఏడాది పాటు ఇక్కడే తడబడ్డాను. మీ మూడో వాక్యంలోని ‘మాట్లాడేదాన్ని’ అన్న మాటనే తీసుకొని, అది ఎన్ని పనులు చేస్తుందో చూడండి.

‘చిన్నప్పుడు రోజూ సాయంత్రం అమ్మమ్మతో మాట్లాడేదాన్ని’ అన్నప్పుడు అది నిజంగా జరిగిన అలవాటు. ‘నీ నంబరు ఉంటే ఇప్పుడే మాట్లాడేదాన్ని’ అన్నప్పుడు అది ఈ క్షణంలో తీరని కోరిక, నంబరు చేతిలో లేదు కాబట్టి మాట్లాడడం లేదు. ‘నిన్న నీ నంబరు ఉంటే అప్పుడే మాట్లాడేదాన్ని’ అన్నప్పుడు అది గడిచిపోయిన అవకాశం, ఇక ఎన్నటికీ జరగదు. తెలుగులో మాట ఒక్కటే. ‘రోజూ’, ‘ఇప్పుడే’, ‘నిన్న’ అనే పక్క పదాలే అర్థాన్ని విడదీస్తున్నాయి, వినేవారు క్షణమైనా తడుముకోరు. స్పానిష్ మాత్రం ఆ మూడింటికీ మూడు వేర్వేరు రూపాలను కేటాయించింది.

అలవాటుకు ‘ఇంపెర్ఫెక్తో’: ‘దె నీన్యా అబ్లాబా కొన్ మి అబువేలా తోదాస్ లాస్ తార్దెస్’. ఈ క్షణపు ఊహకు మామూలు కొన్దిసియొనాల్: ‘సి తువియేరా తు నూమెరో, అబ్లరీయా కొంతీగో అవోరా మీస్మో’. గడిచిపోయిన అవకాశానికి మీరు నేర్చుకుంటున్న కాలం: ‘సి ఉబియేరా తెనీదో తు నూమెరో, అబ్రీయా అబ్లాదో కొంతీగో అయేర్’. ఈ మూడు వాక్యాలనూ ఒక కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకొని, పక్కన తెలుగు వాక్యాలను పెట్టుకొని చూస్తే, తెలుగు వైపు చివరి పదం మూడుసార్లూ అదే ఉండడమూ, స్పానిష్ వైపు ప్రతిసారీ మారడమూ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. మీ ఉపాధ్యాయురాలు మూడో వాక్యంలో ‘అబ్లరీయా’ కొట్టివేసి ‘అబ్లాబా’ అనీ, రెండో వాక్యంలో ‘బెన్ద్రీయా’ కొట్టివేసి ‘అబ్రీయా బెనీదో’ అనీ రాసి ఉంటారు. కారణం ఇదే.

నేను వాడుకునే పరీక్ష ఒకటి చెబుతాను. మీ తెలుగు వాక్యంలో ‘మాట్లాడేదాన్ని’ తీసివేసి ఆ స్థానంలో ‘మాట్లాడి ఉండేదాన్ని’ పెట్టి చూడండి. అర్థం చెడకుండా కుదిరితే ‘అబ్రీయా’ కావాలి, కుదరకపోతే వద్దు. ‘రోజూ అమ్మమ్మతో మాట్లాడి ఉండేదాన్ని’ అని మన ఇళ్ళలో ఎవరూ అనరు, ‘నిన్న నంబరు ఉంటే మాట్లాడి ఉండేదాన్ని’ అని అందరూ అంటారు. మన క్త్వార్థక రూపం ‘మాట్లాడి’, దాని వెనుక ‘ఉండు’ అనే సహాయక క్రియ. వారి ‘అబేర్’, దాని వెనుక ‘అబ్లాదో’. ముక్కలు అవే, వరుస తలకిందులైంది, అంతే. ఇంత దూరపు భాషతో ఇంత దగ్గరి పోలిక దొరకడం నాకు ఇప్పటికీ సంతోషం కలిగిస్తుంది.

ఇక పేరు సంగతి. రెండూ ఒకే కాలం. కారకస్‌లో 1781లో పుట్టి, తరువాత చిలీలో స్థిరపడిన ఆన్ద్రెస్ బేయో అనే పండితుడు 1847లో వెలువరించిన స్పానిష్ వ్యాకరణంలో ఈ పేరు పెట్టాడు. ఆయన పేర్లను విడదీసి చదివితే చాలు, అర్థం వాటిలోనే ఉంటుంది. ‘ప్రెతేరితో’ అంటే గడిచినది, ‘పోస్’ అంటే దాని తరువాతిది, ‘అన్తె’ అంటే ఆ తరువాతి దానికి ముందుది. ‘ఐదింటికల్లా పని ముగించి ఉంటానని నిన్న అతను అన్నాడు’ అనే వాక్యం తీసుకోండి: ‘దీహో కె పారా లాస్ సింకో యా అబ్రీయా తెర్మినాదో’. అనడం నిన్న జరిగింది, ఐదు గంటలు ఆ అనడానికి తరువాత వస్తాయి, ముగించడం ఆ ఐదుకు ముందు జరగాలి. మూడు మెట్లూ ఆ ఒక్క పేరులో ఇమిడి ఉన్నాయి. మెక్సికో పాఠశాలల్లో బేయో పేర్లే నేర్పుతారు, అందుకే మీ స్నేహితురాలి పుస్తకంలో అలా ఉంది.

ఇది పరీక్షకు అవసరం లేదు గానీ చెప్పకుండా ఉండలేను. ‘అబ్లరీయా’ వంటి రూపాలు ఒకప్పుడు క్రియ వెనుక ‘అబేర్’ భూతకాల రూపం చేరడం వల్ల పుట్టాయి. ‘అబ్లార్’ పక్కన ‘అబీయా’ నిలబడి, కాలక్రమంలో అరిగి ‘ఈయా’గా మిగిలి, క్రియకు అతుక్కుపోయింది. పాత స్పానిష్‌లో ఆ అతుకు ఇంకా పచ్చిగా ఉండేది కాబట్టి నడుమ ఒక సర్వనామం దూరేందుకు చోటుండేది. ఆ లెక్కన ‘అబ్రీయా’ అంటే ‘అబేర్’కు ‘అబీయా’ అతుక్కున్న రూపం, నడుమనున్న ఎకారం రాలిపోయింది. దాని లోపల ఒకే క్రియ రెండుసార్లు ఉందన్న సంగతి తెలిశాక ఆ పట్టిక నాకు మళ్ళీ మరుపుకు రాలేదు.

గోరింటాకు

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ‘మాట్లాడేదాన్ని’ వాక్యాలు మూడూ కాగితం మీద రాసుకున్నాను. రెండేళ్ళలో నేను తెలుగు వైపు ఒక్కసారి కూడా ఇలా తిరిగి చూడలేదు. నాలుగో వాక్యం మాత్రం ఇంకా మిగిలి ఉంది. ‘అయితే’ అనే అర్థమిచ్చే ‘సి’ పక్కన ‘అబ్రీయా’ ఎందుకు రాకూడదు? ఒక స్పానిష్ యువతి యూట్యూబ్‌లో సరిగ్గా అలాగే అనడం నేను విన్నాను కాబట్టే ధైర్యంగా రాశాను.

తాటిముంజె

గోరింటాకు గారూ, మీరు విన్నది అబద్ధం కాదు. నేను చదువు కోసం రెండేళ్ళు స్పెయిన్‌లోని బిల్బావోలో ఉన్నాను. అక్కడ బాస్క్ ప్రాంతంలోనూ, పక్కనున్న నవార్రాలోనూ, బుర్గోస్ వైపునా ‘సి అబ్రీయా సబీదో’, ‘సి తెన్ద్రీయా’ అని జనం మామూలుగానే మాట్లాడతారు. నా ఇంటి యజమానురాలు రోజూ అలాగే అనేవారు. అది ఆ ప్రాంతపు పలుకుబడి. ప్రామాణిక భాష మాత్రం దాన్ని అంగీకరించదు, పరీక్షలో తప్పుగానే లెక్కిస్తారు. ‘సి’తో మొదలయ్యే షరతు భాగంలో ‘అబేర్’ క్రియకే మరో రూపమైన ‘ఉబియేరా’ రావాలి, ఫలితం చెప్పే భాగంలో ‘అబ్రీయా’ రావాలి: ‘సి ఉబియేరా ఎస్తుదియాదో, అబ్రీయా అప్రొబాదో’. నిజానికి తెలుగు కూడా ఈ రెండు భాగాలను వేరుగానే చూస్తుంది. ‘చదివి ఉంటే’ అన్నది చేదర్థకం, ‘ఉత్తీర్ణురాలినై ఉండేదాన్ని’ అన్నది ఫలితం. మీరు ‘చదివి ఉండేదాన్ని’ అని మొదటి భాగంలో ఎన్నడూ అనరు. రెండుచోట్లా ఉన్న ‘ఉండు’ను మాత్రమే చూసి, దాని చివరి రూపాన్ని చూడకపోవడం వల్ల పొరపాటు జరిగింది. ‘ఉంటే’ ఉన్నచోట ‘ఉబియేరా’, ‘ఉండే’ ఉన్నచోట ‘అబ్రీయా’ అని గుర్తుపెట్టుకోండి. దీనికి తలకిందుల మార్గం మాత్రం తెరిచే ఉంది. ఫలిత భాగంలో ‘అబ్రీయా’కు బదులు ‘ఉబియేరా’ వాడి, ‘సి ఉబియేరా ఎస్తుదియాదో, ఉబియేరా అప్రొబాదో’ అనడాన్ని స్పానిష్ అకాడమీ కూడా ఒప్పుకుంటుంది, చాలామంది అలాగే మాట్లాడతారు.

పాలపిట్ట గారి పరీక్ష చాలా మంచిది, అయితే అది చెల్లని చోటు ఒకటి ఉంది. ‘కూర్చొను’, ‘పడుకొను’, ‘నిలబడు’ వంటి క్రియలతో జాగ్రత్తగా ఉండాలి. ‘నేను వెళ్ళేసరికి అమ్మమ్మ ఎప్పుడూ అరుగు మీద కూర్చొని ఉండేది’ అంటాం. ఇక్కడ ‘ఉండేది’ ఉంది కానీ జరగని సంగతి ఏదీ లేదు, రోజూ కంటికి కనిపించిన దృశ్యమే ఉంది. ఇక్కడి ‘ఉండు’ సహాయక క్రియ కాదు, నిజంగా ఉండడమే. దీన్ని స్పానిష్‌లో ‘ఎస్తాబా సెంతాదా’ అనాలి. తుంగభద్ర గారు చెప్పిన లింగభేదం ఇక్కడ వస్తుంది: ‘ఎస్తార్’ వెనుక కాబట్టి ‘సెంతాదా’, ‘అబేర్’ వెనుక అయితే ‘సెంతాదో’.

ఈ కాలానికి ఇంకొక ప్రయోజనం ఉంది. ‘నేను ఫోన్ చేసేటప్పటికి అతను బయలుదేరి ఉంటాడు, అందుకే ఎత్తలేదు’ అని గతం గురించి ఊహించి చెప్పడానికి కూడా ‘యా అబ్రీయా సలీదో’ అంటారు. లాటిన్ అమెరికా పత్రికల్లో దీన్నే మరికొంచెం సాగదీసి, ధ్రువపడని వార్తకు వాడతారు. ‘ఎల్ మినీస్త్రో అబ్రీయా రెనుంసియాదో’ అని శీర్షిక కనిపిస్తే, అది మన పత్రికల్లో ‘మంత్రి రాజీనామా చేసినట్లు సమాచారం’ అని రాయడంతో సమానం. భాషా ప్రామాణికులు ఈ వాడుకను మెచ్చుకోరు. అయినా చదివేటప్పుడు తెలియకపోతే మంత్రి రాజీనామా చేసి ఉండేవాడని, అంటే చేయలేదని, పూర్తిగా వ్యతిరేకంగా అర్థం చేసుకుంటాం. నేను మొదటిసారి అలాగే అర్థం చేసుకొని, తరగతిలో అందరి ముందూ గట్టిగా వాదించాను. ఉపాధ్యాయుడు వార్త చివరి వరకు చదివించి ఓపికగా సరిదిద్దారు.

గోరింటాకు

తాటిముంజె గారూ, చాలా ధన్యవాదాలు. ఇంత విన్నాక సొంతంగా మూడు వాక్యాలు రాశాను, దయచేసి చూడండి.

‘మేము ముందే బయలుదేరి ఉంటే సమయానికి చేరుకొని ఉండేవాళ్ళం’: ‘సి ఉబియేరామోస్ సలీదో ఆంతెస్, అబ్రీయామోస్ యెగాదో అ తియెంపో’.

‘నేనైతే ఆ సంగతి నీకు చెప్పి ఉండేదాన్ని కాదు’: ‘యో నో తె లో అబ్రీయా దెసీదో’.

‘నేను ఇంకా ఎక్కువ చదివి ఉండాల్సింది’: ‘అబ్రీయా ఎస్తుదియాదో మాస్’.

తుంగభద్ర

మొదటి వాక్యం నిర్దోషంగా ఉంది. బహువచనంలోనూ ‘యెగాదో’ను కదిలించలేదు, చాలా సంతోషం.

రెండో వాక్యంలో ‘నో’, ‘తె’, ‘లో’ మూడూ సరైన వరుసలో నిలిచాయి, పార్తిసీపియో ఒక్కటే మారాలి. ‘దెసీర్’ నియమానికి లొంగని కొద్ది క్రియల్లో ఒకటి, దానికి ‘దిచో’ అని వస్తుంది: ‘యో నో తె లో అబ్రీయా దిచో’. దీనితోపాటు ‘ఎచో’, ‘ఎస్క్రీతో’, ‘బిస్తో’, ‘పువెస్తో’, ‘అబియెర్తో’, ‘బువెల్తో’, ‘ర్రోతో’, ‘మువెర్తో’ నేర్చుకుంటే రోజువారీ రాతకు దాదాపు సరిపోతుంది. ‘లెయేర్’ నుండి వచ్చే ‘లెయీదో’, ‘కయేర్’ నుండి వచ్చే ‘కయీదో’ నియమబద్ధమైనవే, కానీ వాటి ఈకారం మీద వాలుగీత మరువకూడదు.

మూడో వాక్యం స్పానిష్‌గా తప్పు కాదు, మీరు అనదలచిన మాట మాత్రం అది కాదు. మీరు రాసిన దానికి ‘ఇంకా ఎక్కువ చదివి ఉండేదాన్ని’ అని అర్థం. అంటే ఏదో అడ్డు వచ్చింది, లేకపోతే చదివేదాన్ని అని. ‘చదివి ఉండాల్సింది’ అన్నప్పుడు అది మన బాధ్యత, మనం నెరవేర్చలేదు. ఆ బాధ్యతను ‘దెబేర్’ అనే క్రియ మోయాలి: ‘దెబెరీయా అబేర్ ఎస్తుదియాదో మాస్’. ఇక్కడ రూపం మారేది ‘దెబేర్’ ఒక్కటే, ‘అబేర్’ ఏ మార్పూ లేకుండా నడుమ నిలబడుతుంది. ‘చదవగలిగి ఉండేదాన్ని’ అనాలంటే ఇదే పద్ధతిలో ‘పొద్రీయా అబేర్ ఎస్తుదియాదో’ అనవచ్చు, ‘అబ్రీయా పొదీదో ఎస్తుదియార్’ అన్నా తప్పు లేదు. ఈ రెండింటితో తలా ఒక వాక్యం రాసి ఇక్కడే పెట్టండి, చూస్తాను.